సత్తిబాబు మూడో ఎక్స్‌రే

1997 వేసవి. అమలాపురంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరి నాకు అప్పటికి ఆరేళ్లు. నా గది మెట్ల కింద ఉండేది. దాన్ని ఆనుకుని డార్క్ రూమ్, అంటే ఫిల్ము కడిగే చీకటి గది. ఏప్రిల్ వచ్చిందంటే డెవలపర్ నీళ్లు కాఫీలా వేడెక్కేవి. ఫిల్ములు నల్లగా మాడిపోయేవి. కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. ఫిల్ము పాడైతే మాత్రం అందరికీ తెలిసిన సమాధానం ఒకటే: సుగుణమ్మ, అంటే నేను, సరిగ్గా తీయలేదు.

పేషెంట్లతో పడే విసుగు వేరు. ఛాతీ ఎక్స్‌రేకి గాలి నిండా పీల్చి, ఒక్క క్షణం బిగబట్టాలి. ఊపిరితిత్తులు గాలితో నిండితేనే లోపలి మచ్చలు కనబడతాయి. "గాలి పీల్చి బిగబట్టండి" అనేదాన్ని. మా కోనసీమ వాళ్లకి మర్యాద ఎక్కువ కదా, "ఆయ్" అనేవారు. ఆ "ఆయ్"తో పీల్చిన గాలంతా బయటికి పోయేది. "ఆయ్ అనకండి, ఊరికే బిగబట్టండి" అంటే, "ఆయ్, అలాగేనండీ" అనేవారు. రోజుకి ఇరవై మందితో ఇదే వరస.

ఆ ఏప్రిల్లోనే ఒక పొద్దుట, మామిడికుదురు వైపు గ్యాస్ బావుల దగ్గర కాపలా ఉద్యోగాలకి ఎంపికైన వాళ్లని కాంట్రాక్టరు మెడికల్ ఫిట్‌నెస్ కోసం పంపాడు. మొత్తం పద్దెనిమిది మంది. మధ్యాహ్నం రెండింటికల్లా కాగితాలు కావాలన్నాడు. నర్సింగ్ హోమ్ డాక్టరు గారిదే. ఆయన సర్జన్. చేతి నైపుణ్యంలో జిల్లాలో ఆయనకి మంచి పేరు, నోటి దురుసులోనూ అంతే. హాల్లో అందరినీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి ఛాతీ మీద స్టెత్ ఇలా ఆనించి అలా తీసేసి నా దగ్గరికి తోలేశారు.

వాళ్లలో పదకొండో మనిషి సత్తిబాబు. ముప్ఫై రెండేళ్లవాడు. కొబ్బరికాయలు ఒలిచే పని చేసేవాడు. నెల జీతం వచ్చే ఉద్యోగం అతనికి అదే మొదటిసారి. చొక్కా విప్పమంటే జాగ్రత్తగా మడతపెట్టి, ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో ఇరికించుకున్నాడు. దాన్ని నేనే తీసి బల్ల మీద పెట్టాను.

ఛాతీ ఎక్స్‌రేని పీఏ వ్యూలో తీస్తాం. మనిషి ఫిల్ము పెట్టె, అంటే క్యాసెట్, వైపు తిరిగి దానికి ఛాతీ ఆనించి నిలబడితే వీపు వైపు నుంచి కిరణాలు పంపుతాం. ఫిల్ము పారదర్శకంగా ఉంటుంది కాబట్టి రెండువైపుల నుంచీ ఒకేలా కనబడుతుంది. ఏది కుడో ఏది ఎడమో చెప్పేది మేం క్యాసెట్ మీద అంటించే చిన్న సీసపు అక్షరం ఒక్కటే. దాన్నే మార్కర్ అంటాం. కుడి భుజం దగ్గర "ఆర్" పెడతాం.

సత్తిబాబు ఫిల్ము కడిగి వెలుగులో పట్టుకుంటే గుండె నీడ "ఆర్" వైపు ఒరిగి ఉంది. గుండె మొన మామూలుగా ఎడమవైపుకి వాలి ఉంటుంది. కడుపులోని గాలి బుడగ కూడా ఎడమ పక్కటెముకల కిందే నల్లగా కనబడాలి. ఇక్కడ రెండూ కుడివైపే ఉన్నాయి. నేను తీసుకెళ్లి చూపించాను.

డాక్టరు గారు కళ్లజోడు పైనుంచి చూశారు. "అక్షరం తిప్పి పెట్టేవమ్మా. మళ్లీ తియ్యి."

"కుడివైపే పెట్టేనండీ."

"కుడివైపు పెడితే గుండె ఇటెందుకొస్తుంది? మళ్లీ తియ్యి."

రెండోసారి సత్తిబాబు కుడి భుజం మీద నా వేలు వేసి, ఇదే కుడి అని పైకి అనుకుని మరీ పెట్టాను. మళ్లీ అలాగే వచ్చింది. ఈసారి ఆయన ఫిల్ము చేతిలోకి కూడా తీసుకోలేదు. హాల్లో అందరి ముందూ, "ఆరేళ్లయ్యింది నీకు. కుడేదో ఎడమేదో ఇంకా నేను నేర్పాలా?" అన్నారు. ఇంకా ఏడుగురు వరసలో ఉన్నారు. కాంట్రాక్టరు మనిషి గడియారం చూసుకుంటున్నాడు. సత్తిబాబేమో చొక్కా చేత్తో పట్టుకుని, తనలో ఏదో లోపం బయటపడిందేమోనని బిక్కమొహం వేసుకుని నా వంకే చూస్తున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నీకు కావలసింది ఇదే కదా, తీసుకో అనుకున్నాను. మూడోసారి అక్షరాన్ని కావాలని అతని ఎడమ భుజం దగ్గర, ఫిల్ము తిప్పి చూస్తే తిన్నగా కనబడేలా తిరగేసి అంటించాను. ఫిల్ము చక్కగా పుస్తకంలో బొమ్మలా వచ్చింది. "ఇప్పుడు చూడు, ఎంత బావుందో" అని డాక్టరు గారు నార్మల్ అని రాసి సంతకం చేశారు. సత్తిబాబు నాకు రెండు చేతులూ జోడించి వెళ్లాడు. మొదటి రెండు ఫిల్ములూ పాత ఫిల్ముల పెట్టెలో పడేశాను.

ఏడాదిన్నర గడిచింది. ఒక సోమవారం పొద్దున్న పదింటికి డ్యూటీ డాక్టరు చీటీ రాసి ఒక మనిషిని కేయూబీకి పంపాడు. కిడ్నీలు, మూత్రనాళాలు, మూత్రాశయం ఒకే ఫిల్ములో వచ్చేలా పొట్టకి తీసేది అది. ఎడమవైపు పొత్తికడుపులో నొప్పి, కిడ్నీలో రాయి అనుమానం అని చీటీలో ఉంది. మనిషి వంగిపోయి, భార్య భుజం పట్టుకుని వచ్చాడు. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది.

"ఎప్పట్నుంచి?" అని అడిగాను.

భార్య మంగ చెప్పింది. "శనివారం నుంచండీ. ముందు బొడ్డు చుట్టూ అన్నారు. వాంతులయ్యేయి. నిన్నట్నుంచి నొప్పి కిందకి దిగి ఈ ఎడమపక్కన నిలబడిపోయింది. మా ఊళ్లో డాక్టరు గారు రాయేనని చెప్పి రెండ్రోజులూ సూదులు వేసేరండీ."

బొడ్డు చుట్టూ మొదలై, వాంతులై, తర్వాత ఒక మూలకి చేరే నొప్పి అపెండిక్స్ తీరు. పెద్దపేగు మొదట్లో చిటికెన వేలంత తొండం ఒకటి వేలాడుతుంటుంది, అదే అపెండిక్స్. అది వాస్తే మొదట్లో శరీరానికి చోటు సరిగ్గా తెలియదు, నొప్పి బొడ్డు దగ్గర అనిపిస్తుంది. వాపు పొట్ట లోపలి పొరకి తగిలాకే అసలు చోటు తెలుస్తుంది. కానీ అది ఉండేది కుడివైపు. ఇతనికి నొప్పి ఎడమవైపు. అందుకే ఎవరికీ ఆ ఆలోచన రాలేదు.

బల్ల మీద పడుకోబెడుతుంటే అతను నీరసంగా అన్నాడు. "మీరే కదండీ అప్పుడు నాకు మూడుసార్లు ఫొటో తీసేరు."

చీటీలో పేరు అప్పుడు చదివాను: సత్తిబాబు. ఫిల్ము తీసి కడిగాను. కుడి పక్కటెముకల కింద తెల్లగా పరుచుకుని ఉండవలసిన కాలేయం నీడ ఎడమవైపు ఉంది.

తడి ఫిల్ము పట్టుకునే పరిగెత్తాను. డాక్టరు గారు రౌండ్స్‌లో ఉన్నారు, పక్కనే డ్యూటీ డాక్టరు. ఫిల్ము చూడగానే పెద్దాయన మొహం చిట్లించారు. "మళ్లీ అక్షరం తిప్పేవా?"

"లేదండీ. ఇది సరైనదే. పోయినేడాది తీసిన ఛాతీ ఫిల్ము తప్పండీ. మొదటి రెండూ మీరు నమ్మలేదని, మూడోదానికి నేనే కావాలని అక్షరం ఎడమవైపు పెట్టేను. ఒక్కసారి అతని కుడిపక్కన స్టెత్ పెట్టి వినండి. ఆ తర్వాత నన్నేమైనా అనండి."

ఆయన కిందకి వచ్చి, సత్తిబాబు ఛాతీకి ఎడమవైపు స్టెత్ పెట్టారు, తర్వాత కుడివైపు. అక్కడ చాలాసేపు ఉంచారు. ఆ తర్వాత పొత్తికడుపు ఎడమ మూల వేళ్లతో నెమ్మదిగా నొక్కి, చటుక్కున వదిలారు. నొక్కినప్పుడు పళ్లు బిగబట్టిన సత్తిబాబు, వదిలినప్పుడు అరిచేశాడు. లోపలి పొర వాచిందనడానికి అది గుర్తు.

ఊళ్లోని స్కానింగ్ సెంటరుకి పంపి గంటలో నిర్ధారణ చేసుకున్నారు. అవయవాలన్నీ అద్దంలో బొమ్మలా అటువి ఇటు, ఇటువి అటు. సైటస్ ఇన్‌వర్సస్ అంటారు దాన్ని. పుట్టుకతో వచ్చేదే, జబ్బు కాదు. అన్నీ తారుమారుగా ఉన్నా, ఒకదానికొకటి సరిపోయేలానే ఉంటాయి కాబట్టి మనిషి మామూలుగానే బతుకుతాడు. మధ్యాహ్నానికల్లా ఎడమవైపు కోసి అపెండిక్స్ తీసేశారు. కొన నల్లబడిపోయి ఉందిట. సాయంత్రం దాకా ఆగి ఉంటే పగిలి, చీము పొట్టంతా పాకేదని ఆపరేషన్ థియేటర్ నర్సు చెప్పింది.

డాక్టరు గారు మర్నాడు నన్ను గదిలోకి పిలిచారు. "నువ్వు చేసింది ఉద్యోగం పీకేసే పని, తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. కాసేపు కాగితాలు సర్దుకున్నారు. "ఆ వేళ ఎడమపక్కన చప్పుడు సన్నగా వినబడింది. జనం ఎక్కువున్నారని వదిలేసేను" అన్నారు. అంతే. ఆ తర్వాత నన్నెప్పుడూ కుడి ఎడమల గురించి అనలేదు. కాకపోతే డెవలపర్ వేడెక్కిందని తిట్టడం మానలేదు.

డిశ్చార్జి రోజున సత్తిబాబు మంచం దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. అతను తాపీగా విని, "మీరు మేలే చేసేరండీ. తిన్నగా వేసుంటే నాకు ఉద్యోగం ఇచ్చేవారు కాదు" అన్నాడు.

"గుండె కుడిపక్కన ఉన్నా మీరు పనికొచ్చేవారే సత్తిబాబూ. డాక్టరు గారు ఆ ముక్క రాసిచ్చేవారు. ఆ కాగితం మీ దగ్గరుంటే రెండ్రోజులు రాయనుకునేవారు కాదు. ప్రాణం మీదకి తెచ్చిపెట్టింది నేనే."

అతను అరచెయ్యి ఛాతీకి కుడివైపు ఆనించుకున్నాడు. "చిన్నప్పట్నుంచీ నాకు ఇక్కడే కొట్టుకుంటాదండీ. అందరికీ ఇటే ఉంటాదనుకున్నాను. ఆ రోజు మీరిద్దరూ వాదులాడుకుంటుంటే ఏం పోయిందో నాకు తెలీలేదు. నన్నడిగితే చెప్పేవాణ్నే."

మూడు ఫిల్ములు తీశాం. ఇద్దరం చదువుకున్నవాళ్లం, ఒకరి మీద ఒకరం మండిపడ్డాం. గుండె ఎవరిదో ఆ మనిషి మా మధ్యనే చొక్కా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతన్ని ఒక్క మాట అడగాలని మా ఇద్దరికీ తోచలేదు.

ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు ఆ పనే చేశాను. పేషెంట్లు "ఆయ్" అంటూనే ఉన్నారు, నేను విసుక్కుంటూనే ఉన్నాను. కానీ అక్షరం అంటించే ముందు ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగేదాన్ని: "మీ గుండె ఎటు కొట్టుకుంటోందో ఒకసారి చెయ్యి పెట్టి చూపించండి." వాళ్లు నన్ను వింతగా చూసేవారు. చెయ్యి మాత్రం పెట్టి చూపించేవారు.