గుమ్మం వెనక ఎర్త్ రాడ్డు

డెబ్బైల్లో నేను లైన్‌మన్‌గా చేరిన కొత్తలో బెజవాడలో నెల రోజుల ట్రైనింగుకు పంపారు. సబ్‌స్టేషన్‌లో స్విచ్ తీశాక కూడా తీగను నమ్మకూడదని అక్కడ నేర్పారు. పొడుగాటి కర్ర చివర కొక్కెం, దానికి రాగి తీగ. అదే ఎర్త్ రాడ్డు. తీగ కొసను భూమిలో దిగేసిన కడ్డీకి బిగించి, కొక్కేన్ని లైనుకు తగిలించాకే స్తంభం ఎక్కాలి. పొరపాటున ఎవరైనా కరెంటు వదిలినా భూమిలోకి పోతుంది.

తిరిగొచ్చి మా సీనియర్ లైన్‌మన్‌తో చెప్పాను. ఆయన్ని అందరం మేస్త్రీగారు అనేవాళ్ళం. ఆయన నవ్వాడు. "ఇరవై ఏళ్ళ నుంచీ ఎక్కుతున్నా, నాకేమైందయ్యా? స్విచ్ తీశాక ఇంకా భయమేంటి?" ఎర్త్ వేసేవాణ్ణి మా దగ్గర పిరికివాడనేవాళ్ళు. ఆ మాట పడలేక రాడ్డును ఆఫీసు గుమ్మం వెనక పెట్టేశాను. నాకంటే పిరికివాడు ఇంకెవడు?

నాట్ల రోజులు. కాలువ అందని మెరక పొలాలకి మోటార్లే దిక్కు. లైను తెగిందని రైతులు మూగారు, మేస్త్రీ తొందరపెట్టాడు. నా తోటి లైన్‌మన్ నిచ్చెన వేశాడు. ఎర్త్ వేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది కానీ నోరు పెగల్లేదు. పని అయిపోయిందనుకుని సబ్‌స్టేషన్‌లో ఎవరో స్విచ్ వేశారు. అతన్ని కిందికి దించేసరికి ప్రాణం లేదు. పెళ్ళై ఏడాది కూడా కాలేదు.

తర్వాత నాకంటే చిన్నవాడైన ఇంజనీరుగారొకరు వచ్చారు. ట్రైనింగులో ఏం నేర్పారని అడిగితే సిగ్గుపడుతూ మొత్తం చెప్పేశాను. చీవాట్లు పెడతారనుకున్నాను. మర్నాడు ఆయనే స్తంభం దగ్గరికొచ్చి రైతులందరి ముందూ అన్నారు.

"ఈయన రాడ్డు తగిలించి సరే అనేదాకా ఎవరూ ఎక్కరండీ. ఆలస్యమైతే నన్నడగండి."

మేస్త్రీ మొహం మాడ్చుకున్నాడు. నేను రాడ్డు తగిలించి సరే అన్నాను. పని అయ్యేదాకా ఇంజనీరుగారు నా పక్కనే నిలబడ్డారు. నాలుగు వారాలు అలాగే వచ్చారు. ఆ తర్వాత ఆయన రాకపోయినా నేను ఎవరికీ జంకలేదు.

కోతల ముందు ఒక రోజు మేస్త్రీ పైకెక్కి తీగ పట్టుకోబోతుంటే కొక్కెం దగ్గర నిప్పులు రాలాయి. మళ్ళీ ఎవరో స్విచ్ వేశారు. సబ్‌స్టేషన్‌లో ఫ్యూజులు పోయాయి, అంతే. ఆయన దిగొచ్చి పొలం గట్టు మీద కూలబడ్డాడు. రాడ్డు వైపు చెయ్యి చూపించి అడిగాడు.

"ఆ రోజు ఇది ఎక్కడుందయ్యా?"

"మన ఆఫీసులోనే అండీ, గుమ్మం వెనక."

ఎందుకు తేలేదని ఆయన నన్నడగలేదు. అడిగి ఉంటే బావుండేది.