ఒక డబ్బా తక్కువ

కోరుట్ల బస్టాండు వెనక సందులో ఒక పిండి గిర్ని ఉంది. తొలి ఏకాదశికి ముందు రెండు రోజులు అక్కడ కారం పట్టరు, పసుపు పట్టరు, పేలాలు మాత్రమే పడతారు. మొన్న పని మీద వెళ్లి ఆ సందులో నడుస్తుంటే వేడి పేలాల పిండి వాసన తగిలింది. కొంచెం మాడినట్టు, కొంచెం తీయగా, గొంతులో పొడిగా నిలిచే వాసన. గిర్ని ముందు వరుసగా పెట్టిన గిన్నెల్లో దాదాపు అన్నీ మక్కపేలాలే, అంటే మొక్కజొన్నవే. ఒక్క గిన్నెలో మాత్రం చిన్నచిన్న జొన్నపేలాలు ఉన్నాయి. నేను ఆగిపోయాను. నర్సయ్య కాక గుర్తొచ్చాడు.

మాది సిరిసిల్ల. నాన్న మరమగ్గాల మీద పనిచేస్తాడు. మాకు సెంటు భూమి లేదు. నేను జగిత్యాలలో వ్యవసాయం చదువుకున్నాను కానీ జొన్నచేనును మొదట చూసింది పుస్తకంలోనే. చదువు అయ్యాక పాత విత్తనాలు సేకరించే ఒక చిన్న సంస్థలో చేరాను. పని నాకు బాగా నచ్చింది. ఊరూరూ తిరగాలి, ఎవరి దగ్గర పాత గింజలున్నాయో కనుక్కోవాలి, రంగు చూడాలి, వంద గింజలు లెక్కపెట్టి తూకం వేయాలి, ఫారంలో ఇరవై రెండు గడులు నింపాలి. చిన్నప్పటి నుంచీ నాకు జాబితా రాస్తే మనసు కుదుటపడుతుంది. అలా తిరుగుతూ కోనరావుపేట మండలంలో ఒక ఊళ్లో నర్సయ్య కాక ఇంటికి చేరాను.

ఆయన అప్పటికి అరవై దాటినవాడు. పొట్టి మనిషి, గట్టి గొంతు. పన్నెండేళ్లు గల్ఫ్‌లో ఒక కూలీల క్యాంపులో వంట చేసి తిరిగొచ్చాడు. నా ఫారం చేతిలోకి తీసుకుని పై నుంచి కింది దాకా చూశాడు.

"అన్ని గీసినవ్ గని, ఏంటికి అని లేదేంది సారు?"

"ఏంటికి అంటే?"

"ఏం జేస్కొని తింటరు? గది రాయవా? పేరు, రంగు, ఎత్తు... పెండ్లి సంబంధం జూస్తున్నవా ఏంది?"

పక్కన అరుగు మీద బీడీలు చుడుతున్న ఆయన భార్య లచ్చవ్వ తల ఎత్తకుండానే నవ్వింది. ఆయన మట్టి గురుగుల మూతలు ఒక్కొక్కటే తీస్తూ చెప్పుకుంటూ పోయాడు. తెల్లజొన్న రొట్టెకు. పచ్చజొన్న అంబలికి. బుడ్డజొన్న రవ్వతో వండే గట్కకు, దాని సొప్ప బర్రెల మేతకు. పేలాల జొన్న పేలాలకు. తైదలు, అంటే రాగులు, జావకు. కొర్రలు బువ్వకు. సామలు ఉపాసం నాటికి. ఎర్రమక్క ఉడకబెట్టిన గుడాలకు. ఎనిమిది. ఫారంలో చోటు లేదు కాబట్టి అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను, అదీ ఆయన చూస్తున్నాడని.

ఇవన్నీ ఆయనకు తాతల నుంచి వచ్చినవి కావు. క్యాంపులో పన్నెండేళ్లు ఒకే రకం బియ్యం బస్తాలు విప్పి వండాడట. "పొద్దుందాక వండుడు, నాకే తినబుద్ధి గాకపోవు. నాలిక మీద ఏ గింజ రుచి ఎట్లుంటదో యాది జేస్కుంట పండుకునేటోన్ని" అన్నాడు. తిరిగొచ్చిన ఏడాది చుట్టాల ఇళ్లన్నీ తిరిగాడు. పెగడపల్లిలో అక్క దగ్గర కొర్రలు దొరికాయి, ఒక స్నేహితుడి దగ్గర బుడ్డజొన్న. పేలాల జొన్న మాత్రం మల్యాలలో అత్తగారి దగ్గర దొరికింది. లచ్చవ్వ తల్లి ఆమె. మరుసటి ఏడే పోయింది. ఆ ఇంటి భూమిలో ఇప్పుడంతా వరే.

ఎండాకాలం చివర మా సంస్థ గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలు పంపింది. గింజలు పురుగు పట్టకుండా రైతుల ఇళ్లలోనే వాటిలో నింపి రావాలి. నేను వెళ్లేసరికి కాక జగిత్యాల పోయాడు. లచ్చవ్వ బీడీల చాటతో అరుగు మీద ఉంది. "నీకు ఎరుకే గదా తమ్మీ, నింపుకో" అంది.

నా దగ్గర ఏడు డబ్బాలున్నాయి. గింజలు ఎనిమిది రకాలు.

ఇప్పుడు ఆలోచిస్తే నమ్మబుద్ధి కాదు కానీ, ఆ రోజు నాకు చాలా సహజంగా అనిపించింది. ఫారాలు తీసి చూశాను. బుడ్డజొన్నకూ పేలాల జొన్నకూ రంగు ఒకటే. వంద గింజల తూకంలో తేడా లేదు. కంకి ఆకారం దగ్గర కూడా ఒకే మాట రాసి ఉంది. ఒకే రకానికి రెండు ఇళ్లలో రెండు పేర్లు ఉండటం మా పనిలో మామూలే. ఒకటే అని తేల్చుకున్నాను. రెండు గురుగుల్లోవీ ఒకే డబ్బాలో పోసి, బాగా కలిపి, 'చిన్న తెల్లజొన్న' అని చక్కగా రాసి అంటించాను. ఆఫీసుకు నమూనా కూడా ఆ డబ్బాలోంచే తీశాను. ఏడు డబ్బాలు గోడ వెంట వరుసగా పెట్టి చూస్తే ముచ్చటేసింది.

మళ్లీ వెళ్లింది తొలి ఏకాదశి ముందు రోజు. కాక నన్ను చూసి లేచాడు. పొయ్యి మీద మూకుడు పెట్టాడు. ఆ డబ్బాలోంచి గుప్పెడు గింజలు తీసి వేశాడు. సగం టపటపా ఎగిరాయి. సగం అడుగునే ఉండి నల్లబడ్డాయి. మూకుడు దించి, పేలినవి ఒక చేతిలో, మాడినవి ఇంకో చేతిలో పట్టుకుని నా ముందు చాపాడు.

"ఇవి రెండు ఒక్కటేనా సారు?"

"తూకం ఒకటే వచ్చింది కాకా. రంగు కూడా..."

"తూకం తప్పని నేనన్ననా? నీ డబ్బలెన్ని?"

"ఏడు."

"నా గింజలెన్ని?"

"ఎనిమిది."

"మరి తక్కువైంది డబ్బా గదా? గింజనెందుకు తక్కువ జేసినవ్?"

లచ్చవ్వ చేతులు ఆగిపోయాయి. ఒళ్లో చాట అలాగే ఉంది. "మా అవ్వ గింజలు గవి. ఇగ ఏడ దొరుకుతయి? ఒక్కలన్న ఏస్తున్నరా?" అంది. నాతో కాదు, ఎవరితోనూ కాదు. ఆ తర్వాత ఆమె నాతో చాలా రోజులు మాట్లాడలేదు.

వేయిస్తే తప్ప ఏది పేలే గింజో తెలియదు. వేయిస్తే అది విత్తనంగా పనికిరాదు. నేను ఆ చిక్కు చుట్టే తిరుగుతుంటే కాక మాత్రం లేచి మూకుడు కడిగి బోర్లించాడు. "మొత్తం ఏద్దాం. మొలిచినంక సూద్దాం" అన్నాడు. వాన పడగానే ఇంటి వెనక మెట్ట చెల్కలో దూరదూరంగా సాళ్లు పెట్టి డబ్బాలో ఉన్నదంతా వేశాం. ప్రతి ఆదివారం సిరిసిల్ల నుంచి మొదటి బస్సుకు వెళ్లేవాడిని. కలుపు తీసేవాడిని. ఆయన పక్కన నడుస్తూ చేనులో ఎలా నడవాలో నేర్చుకున్నాను. పుస్తకం చదివినవాడికి అదే ఎక్కువ కష్టం.

చేను ఛాతీ ఎత్తు వచ్చింది. ఇంకా కంకులు బయటికి రాలేదు. కాక ఒక జొన్న కర్ర నరికి, తోలు ఒలిచి నమిలాడు. "తియ్యగుంది. గిది బుడ్డది. బర్రెలు గిందుకే ఇష్టపడుతయి." ఇంకొకటి నరికి నమిలి ఉమ్మేశాడు. "సప్పగ, బెండు లెక్క. మా అత్తది గిదే."

"అన్నీ నమిలి సూస్తే చేన్ల ఏం మిగుల్తది కాకా?"

"గదే గదా బాధ" అని గట్టు మీద కూర్చున్నాడు.

నరికిన రెండు కర్రలూ కింద పడి ఉన్నాయి. ఊరికే వాటి ఆకులు చూశాను. ఒకదాని ఆకు నడిమి ఈనె మసక పచ్చగా ఉంది. రెండోదానిది సుద్దలా తెల్లగా ఉంది. రసం ఉన్న కాండానికి మసక ఈనె, బెండు కాండానికి తెల్ల ఈనె. పరీక్షలో రెండు మార్కులకు రాసిన జవాబు అది. రాశానే గానీ ఎన్నడూ చూడలేదు. కాకకు చెప్పాను, నమ్మలేదు. ఆకు చూసి నేను చెప్తాను, నమిలి నువ్వు చెప్పు అన్నాను. అయిదు కర్రలు పోగొట్టుకున్నాం. అయిదూ సరిపోయాయి.

"ఓరి నీ! పుస్తకంల గిది గూడ ఉంటదా? మరి గప్పుడెందుకు సూడలే?"

"గప్పుడు ఆకులేడున్నయి కాకా, గింజలే గదా."

ఆయన నవ్విన నవ్వుకు పిట్టలు లేచిపోయాయి. నన్ను 'సారు' అనడం ఆ రోజుతో మానేశాడు. 'తమ్మీ' అయ్యాను.

అయితే అంతటితో అయిపోలేదు. పక్కపక్కన ఉన్న రెండు రకాలూ పూతలో కలిస్తే వచ్చే ఏడుకు మళ్లీ అంతా కలగాపులగమే. తెల్ల ఈనె ఉన్న మొక్కల కంకులకు పూత విచ్చకముందే కాగితపు సంచులు తొడగాలి. ఆఫీసులో సంచులు లేవు. సిమెంటు బస్తాల కాగితం తెచ్చి అరుగు మీద కూర్చుని మడత పెట్టబోయాను. నాలుగు పాడుచేశాక లచ్చవ్వ నా చేతిలోంచి కాగితం లాక్కుంది. బీడీ మూతి మూసినంత సులువుగా అడుగు మడిచి, బీడీల దారంతో కట్టి, నా ముందు పడేసింది. గంటలో కుప్ప అయింది.

"తలకు టోపీలు పెట్టి పెండ్లి ఆపుతున్నవన్న మాట" అంది.

అన్ని వారాల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అదే. వానకు చిరిగిన సంచులకు బదులు కొత్తవి ఆదివారం ఆదివారం సిద్ధంగా ఉండేవి.

పంట చేతికొచ్చాక ఏ కంకి గింజలు ఆ కంకివే విడిగా పొట్లం కట్టి అంకె వేశాను. ప్రతి పొట్లం నుంచి పదేసి గింజలు మూకుట్లో వేశాం. సరిగా పేలనిది పక్కన పెట్టాం. కాక మూకుడు తిప్పుతుంటే నేను రాసుకున్నాను. పేలింది. పేలింది. లేదు. పేలింది. సాయంత్రానికి మంచి పొట్లాలన్నీ విప్పి ఒక్కచోట పోస్తే సోలకు కాస్త ఎక్కువ వచ్చాయి. లచ్చవ్వ ఒక్క పేలం నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. "మా అవ్వదే" అంది.

తర్వాత ఆ గింజలను రెండు భాగాలు చేసి ఒకటి నా ముందుకు జరిపింది.

"నాకేం భూమి ఉంది చిన్నమ్మా?"

"భూమి దొరుకుతది. కలిపినోనివి నువ్వే, ఏరినోనివి నువ్వే. నువ్వు మర్చిపోవు."

కాక అందుకున్నాడు. "ఒక్క ఇంట్లనే ఉండబట్టి గదా తమ్మీ, ఒక్క పొద్దుల పోయింది. అప్పుడు నువ్వు. రేపు ఎలుక. ఎవలైతేంది?" నన్నూ ఎలుకనూ ఒకే మాటలో కలిపేసినందుకు లచ్చవ్వ ఆయన్ని కసిరింది. నాకు మాత్రం క్షమించినట్టే అనిపించింది.

కాక పోయి రెండేళ్లయింది. నేను ఏటా పెగడపల్లిలో ఆయన అక్క చెల్కలో మూడు సాళ్లు అడిగి వేస్తున్నాను. ఇప్పుడు నా కింద ముగ్గురు పనిచేస్తున్నారు. ఏ రెండు రకాలైనా ఒకటేనని వాళ్లు రాసుకొస్తే నేను వెంటనే సంతకం పెట్టను. ఒక్క పంట ఆగమంటాను. విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను.

కిందటి పంటకు కోనరావుపేట వైపు అడవిపందులు పడి లచ్చవ్వ చేను పూర్తిగా పోయింది. విత్తనానికి గింజ మిగలలేదు. ఫోన్ చేసింది కానీ ఏడవలేదు. "నీ కాడ ఉన్నయా?" అని మాత్రం అడిగింది. మొదటి బస్సుకే వెళ్లాను. గింజలు కొంగులో పోయించుకుని, ఒకటి పంటి కింద వేసి కొరికి చూసి, తల ఊపింది. ఆ తర్వాత నా సంచీ వైపు చూసింది.

"అన్ని నాకే పోసినవా?"

"లేదు చిన్నమ్మా. సగం ఉంచుకున్న."

"ఆఁ. అట్లయితే పో, బస్సు తప్పుతది" అంది.