నేను చూడని మాత్ర

ఒక అబద్ధం చెప్పాను. దాన్ని ఇన్నేళ్ళూ మోశాను. బొగ్గు గని బావిలో తట్టలెత్తినప్పుడు కూడా ఇంత బరువు అనిపించలేదు. నేను ఐదో తరగతి దాకే చదివాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా భార్యకు మూర్ఛ వచ్చేది. దవాఖానాలో రాసిచ్చిన మాత్రలు నేనే కొనుక్కొచ్చేవాణ్ణి. అవి వేడి చేస్తాయని, అన్నం తింటే కడుపులో ఆగవని, గోధుమ రొట్టె అయితే బలమని మా క్వార్టర్లలో అందరూ అనేవారు. డ్యూటీ దిగి వచ్చి నా చేత్తోనే రొట్టెలు కాల్చి పెట్టేవాణ్ణి. అది తిని మాత్ర మింగేది. అయినా మూర్ఛలు ఆగలేదు. విరేచనాలు పట్టుకుని మనిషి చిక్కిపోయింది.

మాత్ర మింగడం లేదేమోనని నోరు తెరిపించి నాలుక కింద చూసేవాణ్ణి. ఎప్పుడూ ఏమీ కనబడలేదు. మరి అనుమానం ఎందుకు పోలేదు? డాక్టరుది తప్పు అనుకోలేను, నా రొట్టెది తప్పని కలలో కూడా అనుకోలేదు. ఇక మిగిలింది ఆమే.

ఒకరోజు తల్లాడ వైపు నుంచి మా మామ వచ్చాడు. పక్క క్వార్టర్ల వాళ్ళు వింటుండగా అడిగాడు.

"ఏంది అల్లుడా, బావిల జీతం మంచిగనే వస్తది గదా. మందు కొననీకి చెయ్యి వస్తలేదా?"

నాకు రోషం వచ్చింది. "తెస్తనే ఉన్న మామా. నీ బిడ్డే మింగుతలేదు. గోళీలు మురికి మోరీల పారేస్తాంది."

"నువ్వు చూసినవా?"

"అవ్. నా కండ్లతోని చూసిన."

నేను చూడలేదు.

"నేను పారేయలే నాయినా" అంది ఆమె, గుమ్మంలో నిలబడి. ఆయన ఆమెను చెంప మీద కొట్టి, ఆ మాత్రలతో పాటే ఊరికి తోలుకుపోయాడు.

వాళ్ళింట్లో అన్నం, జొన్న రొట్టె తప్ప గోధుమపిండి ఉండదు. కొన్ని నెలలకు మూర్ఛలు బాగా తగ్గాయి. నాయిన కాపలా ఉంటే మింగుతుంది, మొగుడి దగ్గర పారేస్తుంది అన్నారు అందరూ. నా అబద్ధం నిజమైపోయింది. అప్పుడు నాకు సంతోషమే వేసిందని చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆమె తిరిగొచ్చింది. మళ్ళీ నా రొట్టెలు. మళ్ళీ మూర్ఛలు.

చివరికి హైదరాబాదు తీసుకుపోయాను. గొట్టం వేసి, పేగులో చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. "ఈమెకు గోధుమ పడదు. పేగు లోపలి పొర దెబ్బతింది. మింగిన మందు ఒంటికి సరిగ్గా పట్టకపోయి ఉండొచ్చు. అన్ని మందులకూ ఇలా కాదు, ఈమె విషయంలో అదే జరిగినట్టుంది" అన్నాడు డాక్టరు. గోధుమ పూర్తిగా మానేయమన్నాడు.

అప్పటికే మా మామ పోయాడు. బిడ్డ మాత్రలు పారేసిందని నమ్ముతూనే పోయాడు.

తిరుగు బస్సులో ఆమే అంది. "ఆనాడు నువ్వు సుద్దముక్కనో ఏందో చూసి గోళీ అని పొరపడ్డవ్ కావచ్చు. పోనీలే."

"అవ్, కావచ్చు" అన్నాను.

మొదటిది రోషంలో అన్నాను. మరి ఇది? అంత దూరం పక్కనే కూర్చుని, ఒక్క మాట ఎందుకు దిద్దలేకపోయాను? ఇప్పటికీ చుట్టాల ముందు నా తరఫున అదే చెబుతుంది. నేను తల వంచుకుని అన్నం తింటాను.

ఆమెకు చదువు రాదు. ఇది రాసే ధైర్యం అందుకే వచ్చిందేమో. ఆమె ముందు అనలేనిది మీ ముందు అంటున్నాను. నేను పొరపడలేదు. సుద్దముక్క లేదు, ఏమీ లేదు. ఆమె ప్రతి మాత్రా మింగింది.

రాసేశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.