టకటక

నోట్లో గుండుసూదులు లేనప్పుడే మా వీధి టైలరమ్మ మాట్లాడుతుంది. మిగతా వేళల్లో అన్నీ కంటి సైగలే. మెడలో టేపు, జుట్టులో నాలుగు దారప్పోగులు, పక్కన ఉయ్యాల్లో ఆర్నెల్ల కూతురు. చేతులు ఖాళీ ఉండవు కనుక ఫోన్లోని తల్లుల గ్రూపులో టైపు చెయ్యదు. మిషను తొక్కుతూనే మాటలు రికార్డు చేసి పంపుతుంది. అందుకే ఆమె ముఖమైనా ఎరగని ఆ తల్లులందరికీ ఆమె 'మిషనక్క'. "ఊరూ పేరూ తెలియని వాళ్ళతో కబుర్లేమిటే?" అని అత్తగారు సణుగుతూనే ఉంటుంది.

ఈమధ్య కాలిమిషనును మూలకు నెట్టి, అంతగా చప్పుడు చెయ్యని కరెంటు మిషను కొనుక్కుంది. మూడోరోజే గ్రూపులో ఒకావిడ గొంతు, వెనక పసివాడి ఏడుపు: "మీ మిషనుకేమైందక్కా? మావాడు మధ్యాహ్నం మీ మెసేజులు వింటూనే పడుకునేవాడు. వాడికి కావలసింది మీ గొంతు కాదక్కా, ఆ టకటక! పాతవి పెడితే, ఆగే చోటు కనిపెట్టేసి అక్కడే లేచి కూర్చుంటున్నాడు."

టైలరమ్మ నోట్లో సూదులు తీసి మరీ నవ్వింది. అప్పట్నుంచి రోజూ రెండింటికి ఆవిడకు ఫోన్ కలిపి, పాత మిషను మీద పెట్టి, గుడ్డా దారం లేకుండా పది నిమిషాలు ఉత్తినే తొక్కుతోంది. నిన్న ఒక చొక్కా కాలరు కుదరక టైము చూసుకోలేదు. ఉయ్యాల ఊపుతున్న అత్తగారే కేకేసింది:

"రెండు దాటిందే అమ్మాయ్! పాపం, అక్కడ మనవాడు ఎదురుచూస్తుంటాడు. లేచి మిషను తొక్కు!"