లీవు దాకా ఆగిన భుజం

మస్కట్‌లో మా ఇంట్లో ఏ జబ్బైనా లీవు దాకా ఆగాల్సిందే. నాన్నకు రెండేళ్ళకోసారి లీవు. అమ్మ పంటి నొప్పి, నాన్న కళ్ళజోడు, నా చెవిపోటు అన్నీ మా కడప డాక్టర్ల కోసం కాచుకుని ఉండేవి. అక్కడ ఆసుపత్రులు లేక కాదు, బ్రహ్మాండంగా ఉండేవి. కానీ డాక్టరు మన భాషలో చెబితే తప్ప అమ్మకు జబ్బు నయమైనట్టే ఉండదు. వాదీ కబీర్ అనే పేటలో మా బిల్డింగులో ఉన్న మనవాళ్ళందరిదీ ఇదే వరస. లీవున్న ఏడాది జూన్ వస్తే చాలు, పెట్టెల నిండా బాదంపప్పూ సెంటుసీసాలూ, ఒంటి నిండా దాచుకున్న రోగాలూ మోసుకుని విమానం ఎక్కేవాళ్ళం.

తొంభైల మొదట్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఆ జాబితాలోకి నా కుడి భుజం కూడా వచ్చి చేరింది. స్కూల్లో సిమెంటు కోర్టు మీద వాలీబాల్ ఆడుతూ ఎగిరి స్మాష్ కొట్టబోయాను. పైకెత్తిన చెయ్యి మళ్ళీ కిందికి రాలేదు. భుజం కీలు జారింది. అబ్బా, ఆ నొప్పి చెబితే తెలిసేది కాదు. ఆసుపత్రిలో కీలు సరిచేసి, మెడకు పట్టీ కట్టి చెయ్యి అందులో పెట్టారు. పట్టీ తీసేసిన కొన్నాళ్ళకు, స్కూల్ బస్సులో పైకడ్డీ పట్టుకుని నిలబడి ఉంటే డ్రైవరు బ్రేకు వేశాడు. భుజం మళ్ళీ జారింది.

ఎముకల డాక్టరు మలయాళీ. నాన్నను కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. ఈ వయసులో ఒకసారి జారిన కీలు మళ్ళీ మళ్ళీ జారుతుంటుందట. ఆపరేషన్ చేసి బిగించవచ్చు, కాకపోతే చెయ్యి మునుపటంతగా వెనక్కి తిరగకపోవచ్చు. లేదా కొన్ని నెలలపాటు శ్రద్ధగా వ్యాయామాలు చేస్తే, చుట్టూ కండ గట్టిపడి కీలు నిలుస్తుందేమో చూడవచ్చు. ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు.

"జూన్‌లో ఎట్లాగూ పోతాం గదా, తిరపతిలో చూపిద్దాం లే" అన్నాడు నాన్న ఇంటికొచ్చాక. అంతే, తేలిపోయింది. అప్పటికింకా జనవరి.

జూన్ దాకా ఆ చేతిని కాపాడే పని అమ్మ నెత్తిన వేసుకుంది. జడ ఆమే వేసేది. అన్నం ఆమే కలిపి నోట్లో పెట్టేది. నేను గ్లాసు అందుకోబోయినా వంటింట్లోంచి కేక వేసేది.

"ఆ చెయ్యి ఎత్తబాకు మే! మళ్ళా ఊడితే యాడికని పరిగెత్తేది?"

"గ్లాసు ఎత్తితే ఊడుతుందా అమ్మా?"

"నోటికి మాత్రం ఏ రోగమూ రాలేదే నీకు!"

డాక్టరు పట్టుబట్టి మమ్మల్ని వ్యాయామాలు నేర్పే గదికి పంపాడు. అక్కడి ఒమానీ ఆవిడ మాకన్నా మంచి హిందీ మాట్లాడేది. నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ చూసింది. చిక్కిపోయిన కండను అమ్మకు చూపించి, "ఈ చెయ్యి నీదా, మీ అమ్మదా?" అని నన్నడిగింది. అమ్మ మొహం మాడిపోయింది. దారి పొడుగునా ఆవిణ్ణి తిడుతూనే వచ్చింది. మర్నాడు పొద్దున మాత్రం దువ్వెన నా చేతికిచ్చింది.

నాన్న గ్యారేజీలో ఫోర్‌మన్. పాత టైరు ట్యూబు ఒకటి పట్టీలా కోసుకొచ్చి తలుపు గొళ్ళేనికి కట్టాడు. మోచెయ్యి పక్కకు ఆనించి ఆ ట్యూబును లాగాలి, మెల్లగా వదలాలి, మళ్ళీ లాగాలి. ప్రాణం విసిగిపోయేది. ఎంత కడిగినా చేతుల రబ్బరు వాసన పోయేది కాదు. అయినా నేను మొండిదాన్ని. మళ్ళీ కోర్టులోకి దిగాలి, నాకు ఇంకేమీ అక్కర్లేదు. జూన్ వచ్చేదాకా భుజం మళ్ళీ జారలేదు.

తిరుపతిలో డాక్టరు చెయ్యి అన్ని వైపులా తిప్పి చూసి మెచ్చుకున్నాడు.

"బాగా గట్టిపడింది. మామూలు పనులకైతే ఇది చాలు, ఆపరేషన్ అక్కర్లేదు. కానీ తల మీదుగా బంతి కొట్టే ఆట ఆడాలంటే మాత్రం ఇది నిలుస్తుందని నాకు నమ్మకం లేదు. పాప ఆడుతుందా?"

"ఆడదు సార్" అన్నాడు నాన్న.

"ఇంగ యాడ ఆట సార్! వచ్చేది పదో తరగతి" అంది అమ్మ.

గండం గడిచిందన్న సంతోషం ఇద్దరి మొహాల్లోనూ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని నెలలు నేను ఆ ట్యూబు లాగింది ఆట మానెయ్యడానికా!

"ఆడతాను" అన్నాను.

"పెద్దోళ్ళు మాట్లాడుతాంటే మధ్యలో నీకేం మే?" అంది అమ్మ.

డాక్టరు నా వైపు తిరిగాడు. "ఆడాలంటే ఆపరేషన్ చెయ్యాల్సిందే. కోత మచ్చ ఉండిపోతుంది. వ్యాయామాలు మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి. చెయ్యి కాస్త బిగుసుకోవచ్చు కూడా."

"చేస్తాను సార్. ఆడాలి నేను."

నాన్న నన్ను వరండాలోకి తీసుకొచ్చాడు. తిడతాడనుకున్నాను.

"భయం లేదా తల్లీ?"

"ఉంది నాన్నా. ఆడకుండా ఉండాలంటే ఇంకా భయంగా ఉంది."

ఆయన లోపలికెళ్ళి ఆపరేషన్‌కు సరేనన్నాడు. ఆ రోజంతా అమ్మ మా ఇద్దరితోనూ మాట్లాడలేదు.

మస్కట్ తిరిగొచ్చాక మళ్ళీ అదే ట్యూబు, అదే గొళ్ళెం. ఈసారి చెయ్యి మరీ మొరాయించింది. డాక్టరు చెప్పినట్టే, వెనక్కి మునుపటంతగా తిరగలేదు. కోర్టులోకి దిగడానికి దాదాపు ఏడాది పట్టింది. ఒక శుక్రవారం ఇంకో స్కూలుతో మ్యాచ్ పెట్టారు. నాన్నకు సెలవు. అంతవరకూ నా ఆట ఎప్పుడూ చూడని అమ్మ, ఆయనతోపాటు వచ్చి మెట్ల మీద కూర్చుంది.

సర్వీసు నాది. బంతి ఎగరేసి, చెయ్యి తల మీదుగా తెచ్చి కొట్టాను. నెట్ దాటింది. అటువైపు అమ్మాయి అందుకోలేకపోయింది. మా వాళ్ళంతా అరుస్తున్నారు. నేను మెట్ల వైపు చూశాను. అమ్మ బంతిని చూడటం లేదు. తన కుడి భుజాన్ని ఎడం చేత్తో గట్టిగా పట్టుకుని నన్నే చూస్తోంది.

ఆట అవ్వగానే దగ్గరికెళ్ళాను. నా భుజం ముందూ వెనకా తడిమి చూసింది. "బాగానే ఉంది లేబ్బా" అంది నాన్నతో. మేము ఓడిపోయామని ఇల్లు చేరాక గాని ఆమెకు తెలియలేదు.