బజర్ల బుచ్చిబాబు

బుచ్చిబాబుకు మోగని వస్తువంటే నమ్మకం లేదు. తలుపైనా, పాలగిన్నెయినా, గొడుగైనా దానికో బజరు పెట్టె తగిలించి, అది ‘కీఁ’మని అరిస్తే తప్ప ఆయన ప్రాణం కుదుటపడేది కాదు.

ఉప్పల్ దగ్గర ఒక ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. కాపురం నాచారంలో. పాలు పొంగబోతే ఆ ఇంట్లో ఒక కూత, కుళాయిలో నీళ్ళొస్తే ఇంకో కూత. చుట్టాలొచ్చి కాస్త ఎక్కువసేపు కూర్చుంటే కూడా ఏదో ఒకటి మోగేది. అది వాళ్ళ కోసం పెట్టింది కాదని బుచ్చిబాబు ఒట్టేసేవాడు. “మా ఇంట్లో నోరు లేనిదాన్ని నేనొక్కదాన్నే” అనేది భార్య పద్మావతి.

ఒకసారి సిటీబస్సులో ఆయన గొడుగు కూతపెట్టింది. బాంబనుకుని జనమంతా అంబర్‌పేట్‌లో దూకేశారు. కండక్టరు కిందినుంచే కేకలేస్తున్నాడు.

“నా పెట్టె తప్పు చేయదండీ! నా గొడుగు మీద ఎవరో కూర్చున్నారు!” అని కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు బుచ్చిబాబు. చుట్టూ ఖాళీ సీట్లున్నా నిలబడే అరిచాడు.

ఎనభైల చివర్లో ఆయనకు హెర్నియా ఆపరేషనైంది. నాచారం దారిలో ఉన్న ఒక చిన్న ట్రస్టు దవాఖానాలో చేరాడు. ఆ వార్డు సిస్టరు శాంతాబాయికి చప్పుడంటే పడదు. ఆయాల గాజులు గలగలమన్నా కళ్ళెర్రజేసేది. మర్నాడు పొద్దున బుచ్చిబాబు దిండు కిందినుంచి ‘కీఁ’మని వినపడేసరికి ఆమె పరుగెత్తుకొచ్చింది.

“ఏంది సార్ గిది?”

“నా మాత్ర వేళయింది సిస్టర్. మీకు గుర్తుచేస్తోంది.”

“నేను మర్శిపోలే. తెస్తనే ఉన్న. గిదిగో!”

“అయితే మిమ్మల్ని మెచ్చుకుంటోంది.”

ఆ పెట్టెను కిటికీలోంచి పారేద్దామని శాంతాబాయికి చెయ్యి దురద పెట్టింది. పేషెంటు కదా అని ఊరుకుంది.

పక్క మంచం మీద హన్మయ్య. ఒక ఫ్యాక్టరీలో మూటలు దించుతూ పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషనప్పుడు మూత్రానికి గొట్టం పెట్టారు. కెథీటర్ అంటారు దాన్ని. ఒకటి రెండు రోజులకు తీసేయాల్సింది. పగటి డాక్టరు ఎముకల డాక్టరు చెప్తాడనుకున్నాడు. ఎముకల డాక్టరు తన పని ఎముకలేననుకున్నాడు. శాంతాబాయి ఎవరో ఒకరు చెప్తారనుకుంది. గొట్టం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం హన్మయ్యకు మంచం ఊగేంత చలిజ్వరం వచ్చింది. గొట్టం దారిన క్రిములు లోపలికి పాకాయి. సూదుల మీద సూదులు పొడిచి ఎలాగో ప్రాణం నిలబెట్టారు.

“గా పైపు ఇంక అవసరమున్నదా అని అడుగుదామనుకున్న సిస్టరమ్మా,” అన్నాడు హన్మయ్య, జ్వరం జారాక. “పెద్ద డాక్టర్లు ఊకెనే పెట్టరు గదా అని ఊకున్న.”

శాంతాబాయి దుప్పట్ల గదిలోకి పోయి తలుపేసుకుంది. బయటికొచ్చినప్పుడు ముఖం కడుక్కుని ఉంది. తిన్నగా బుచ్చిబాబు మంచం దగ్గరికొచ్చింది.

“సార్, మీ దిండు కింద కూసేదున్నది సూడుండ్రి... గసొంటిది పైపు పెట్టినోళ్ళ మంచాలకు చెయ్యొస్తదా?”

బుచ్చిబాబు ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగింది.

కుట్లు ఆరీ ఆరకముందే అట్టపెట్టెలో బజర్లు మోసుకొచ్చాడు. గొట్టం పెట్టిన ప్రతి మంచానికీ ఒకటి. పొద్దున డాక్టర్లు వచ్చే వేళకు కూత మొదలెడుతుంది. ఆపే తాళంచెవి డాక్టరు దగ్గరే ఉంటుంది. ఆయన మంచం దగ్గరికి రావాలి, గొట్టం ఇంకా కావాలా వద్దా తేల్చాలి, అప్పుడే తాళం తిప్పాలి. గొట్టం తీసేస్తే పెట్టె కూడా ఆ మంచాన్ని వదిలిపోతుంది.

కుర్ర డాక్టర్లు నవ్వుకుంటూనే తాళాలు తిప్పారు. తిప్పినకొద్దీ గొట్టాలు తగ్గాయి, జ్వరాలూ తగ్గాయి. ఊరికెళ్ళి తిరిగొచ్చిన సూపరింటెండెంటు జనార్ధనరావు మాత్రం నవ్వలేదు.

“ఇది ఆస్పత్రా, పిండిమిల్లా? నాకు పని గుర్తుచేయడానికి ఒక డబ్బా! తీసేయండన్నీ!”

“డబ్బా కాదండీ. నా పెట్టె తప్పు చేయదు. కావాలంటే...”

“తప్పు చేసేది మేమనా మీ ఉద్దేశం?”

“అబ్బే, మర్చిపోయేది మీరని.”

పెట్టెలన్నీ సూపరింటెండెంటు గదిలోకెళ్ళి బీరువాలో పడ్డాయి.

మర్నాడు పొద్దున జనార్ధనరావు వార్డులో అడుగుపెట్టగానే ‘కీఁ...’ అని మొదలైంది. ఆయన మంచాల కింద వెతికాడు. కిటికీలు చూశాడు. చివరికి వెనక్కి తిరిగితే గుమ్మంలో బుచ్చిబాబు, చేతులు కట్టుకుని, మెడనరాలు ఉబ్బేలా నోటితో కూస్తున్నాడు.

“ఏమిటండీ ఈ వేషం!”

“పెట్టె మీ దగ్గరుంది. నోరు నా దగ్గరుంది,” అని ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలెట్టాడు.

“బయటికి పంపండి ఈయన్ని!”

అటెండరు చెయ్యి పట్టుకుని లాగాడు. బుచ్చిబాబు కూత వరండాలోకి జరిగింది. అంతలో వార్డు లోపల ఇంకోటి లేచింది. కాలికి పిండికట్టుతో పడుకున్న హన్మయ్య పైకప్పు చూస్తూ “కీఁ” అంటున్నాడు. ఎదురు మంచం ముసలాయన అందుకున్నాడు. ఆ మూల పళ్ళులేని తాత “ఫీఁ” అన్నాడు.

“సిస్టర్! నోళ్ళు మూయించండి!”

శాంతాబాయి ముందుకొచ్చింది. వార్డులో చీమ చిటుక్కుమన్నా సహించని మనిషి. ఉద్యోగం పోతే పోనీ, హన్మయ్యదిలా వణికే మంచం ఇంకోటి తను చూడదు. చేతులు వెనక్కి పెట్టుకుంది.

“కీఁ” అంది. గట్టిగానే అంది.

వార్డంతా నవ్వేసింది. జనార్ధనరావు జేబులోంచి బీరువా తాళంచెవి తీసి అటెండరు మీదికి విసిరాడు. “ఆ డబ్బాలే నయం. కనీసం ఇలా నవ్వవు!”

పెట్టెలు తిరిగొచ్చాక బుచ్చిబాబు గర్వానికి పట్టపగ్గాల్లేవు. వారానికోసారి వచ్చి వాటిని పసిపిల్లల్లా తుడిచి, “ఒక్కటైనా పొల్లుపోయిందా? చెప్పండి!” అని వార్డంతా సవాలు చేసేవాడు.

అలా వచ్చిన ఒక రోజున, అప్పటికి పెట్టెలు చేరిన ఆడవాళ్ళ వార్డులో పెద్ద రభస. మల్లవ్వ అనే పేషెంటుకు కిందటి రోజే తీయాల్సిన గొట్టం ఇంకా ఉంది. పెట్టె మోగలేదు, డాక్టరు ఆగలేదు. అదృష్టం బాగుండి జ్వరం రాలేదు. జనార్ధనరావు నర్సు సూర్యకళను నిలబెట్టి దులిపేస్తున్నాడు. ఆమెది ఇంకా పర్మినెంటు కాని ఉద్యోగం.

“పెట్టె ఎందుకు మోగలేదు? ఇవాళే ఇంటికి పంపేస్తా!”

బుచ్చిబాబు వంగి పెట్టెను చూశాడు. వైరు చివర గోడలోంచి ఊడి వేలాడుతోంది. దాన్ని మెల్లగా పెట్టె కిందికి చుట్టేసి, పెట్టెను చంకలో పెట్టుకున్నాడు.

“ఆ అమ్మాయిని వదిలేయండి. ఇది చెడిపోయింది. నా తయారీలోనే లోపముంది.”

జనార్ధనరావు మొహం చేటంతైంది.

“ఏమన్నారు? మళ్ళీ అనండి!”

బుచ్చిబాబు మళ్ళీ అన్నాడు. ఆయన అడిగినందుకు ఇంకోసారి కూడా అన్నాడు. సూపరింటెండెంటు పక్క వార్డు డాక్టర్లను పిలిచి మరీ వినిపించుకుని, సంతోషం పట్టలేక సూర్యకళ సంగతే మర్చిపోయి వెళ్ళిపోయాడు.

శాంతాబాయి వరండాలో బుచ్చిబాబును అందుకుంది. “సార్, గా పెట్టె మంచిగనే ఉన్నది. మల్లవ్వ నొప్పులతోని నిద్ర లేక అప్పుడే కునుకు తీస్తున్నదట. కూతకు లేస్తదని సూర్యకళే వైరు పీకింది. మళ్ళ పెట్టుడు మర్శింది.”

“తెలుసు.”

“మరి గట్లెందుకు చెప్పిన్రు? ఇంక సారు మిమ్మల్ని బతకనియ్యడు.”

“పెట్టె ఉద్యోగం ఊడితే దాని పిల్లలు పస్తులుండరు కదండీ,” అన్నాడు బుచ్చిబాబు. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “అయినా నిద్రపోయే మనిషి చెవిలో కూయడం తప్పేనండోయ్. దీని సంగతి చూస్తాను.”

నాలుగు రోజులకు కొత్త ఏర్పాటు చేశాడు. మంచం దగ్గర ఎర్రబల్బు మాత్రం వెలుగుతుంది. కూతంతా డాక్టర్ల గదిలో, జనార్ధనరావు కుర్చీ వెనకే.

“ఇన్నాళ్ళకు మీ డబ్బాకు బుద్ధొచ్చిందన్నమాట,” అన్నాడు జనార్ధనరావు కుర్చీలో వెనక్కి వాలుతూ.

బుచ్చిబాబు నోరు తెరిచాడు. గుమ్మంలో సూర్యకళ ట్రే పట్టుకుని నిలబడి ఉంది. నోరు మూసుకున్నాడు.

అంతలో జనార్ధనరావు వీపు వెనక ‘కీఁ’మంది. ఆయన ఉలిక్కిపడి లేచి, “ఎవరికమ్మా గొట్టం?” అంటూ వార్డులోకి నడిచాడు.