చర్ల పెట్టెల్లో వెయ్యని చీటీలు

కన్నమ్మ చదివింది అయిదో తరగతే. ఆ కాసింత చదువే కొత్తగూడెంలో ఆమెకు బువ్వ పెట్టింది. కాంట్రాక్టు లారీల మీద బొగ్గు ఎత్తే మొగుడు జ్వరమొచ్చి పోయినంక, వెంకటప్పయ్య షావుకారు ఇంటెనక రేకుల షెడ్డులో పనికి చేరింది. తలకు పెట్టుకునే నల్లరంగు పొడిని ప్యాకెట్లలో పోసి, మైనపుఒత్తి మంటకు మూతి అంటించి, పైన లేబులు అతికించే పని అది. నలుగురు ఆడోళ్లుంటే లేబులు తలకిందులు కాకుండా అతికించేది ఈమె ఒక్కతే. అందుకే షావుకారు ఆమెను మేస్త్రీని చేసిండు. మేస్త్రీ అంటే ఏముంది, అందరికంటే ముందొచ్చి అందరికంటే ఎనక పోవుడు.

ఆ రంగుకు అడవి ఊళ్లల్ల ఎందుకంత గిరాకో తెలుసా? ముసలోళ్ల సోకు కోసం కాదు. ఏ కొలువుకు పోయినా వయసు కాయితం అడుగుతరు. చర్ల పక్క అడవి ఊళ్లల్ల పుట్టిన తేదీ ఎవడు రాసిపెట్టిండు? అందుకని దవాఖానల డాక్టరు మనిషిని ఎదురుంగ నిలబెట్టి, పైనుంచి కింది దాక చూసి, వయసు రాసేటోడు. ఆయన రాసిందే వయసు. నెత్తి నెరిసిందా, నలభై అయిదు. నల్లగుందా, ముప్పై. గింతే లెక్క. నలభై అయిదని రాస్తే కొలువు రాదు. అందుకే కూలికి పోయేటోడు గూడ డాక్టరు కాడికి పోయే ముందు సంతల ఒక ప్యాకెట్టు కొనేటోడు.

ఎనభై నాలుగు ఎండాకాలంల ఖమ్మం నుంచి మందుల ఇన్‌స్పెక్టరు వచ్చిండు. ప్యాకెట్టు చింపి, లోపల వేలు పెట్టి చూసి, "హెచ్చరిక కాయితం ఏది?" అన్నడు. వెంకటప్పయ్య చేతులు నలుపుకుంట నిలబడ్డడు. ఆ పొడి కొందరి ఒంటికి పడదనీ, కంటి దగ్గర పెడితే చూపే పోతదనీ, ప్యాకెట్టు ప్యాకెట్టుకూ తెలుగులో చీటీ వెయ్యాల్సిందేననీ, లేకుంటే కేసేననీ ఇన్‌స్పెక్టరు గట్టిగ చెప్పిండు. కన్నమ్మ ఆ మాటలన్నీ చెవులారా విన్నది.

చీటీలు అచ్చయి వచ్చినయి. "ముందుగా మోచేతిపై కొంచెము రాసి ఒక దినము చూడవలెను. కనుబొమలకు, కనురెప్పలకు వాడరాదు. వాడినచో చూపు పోవును." ఆడోళ్లకు కన్నమ్మే చదివి వినిపించింది. అందరూ అమ్మో అనుకున్నరు. వారం తిరిగేసరికి ఆ భయం పోయి విసుగు మిగిలింది. చీటీని నాలుగు మడతలు పెట్టి లోపలికి దూర్చాలె. అయిదొందల ప్యాకెట్లు కట్టే చోట రెండొందల యాభై కూడ తెగుతలేవు. పొద్దు గూకినా ఇంటికి పోయే దారి లేదు.

అప్పుడు ఆ మాట అన్నది ఎవరనుకున్నరు? షావుకారు కాదు. కన్నమ్మే.

"అయ్యా, ఖమ్మం, కొత్తగూడెం పోయే పెట్టెల్లయితే ఏస్తం. చర్ల పెట్టెల్లకు ఎందుకయ్యా? ఆడ చదివేటోళ్లెవరు?"

వెంకటప్పయ్య కళ్లజోడు పైనుంచి చూసి నవ్విండు. "నీ బుర్ర పాదరసమే కన్నమ్మా. అట్టాగే కానియ్యి."

తను ఆ చర్ల పక్క ఊళ్లనే పుట్టింది గద! తన తమ్ముడు పగిడయ్యకు బొగ్గుముక్కతో బండ మీద అక్షరాలు దిద్దించింది తనే గద! ఆ మాట అన్నప్పుడు వాడు ఆమె మనసుల మెదలనే లేదు. తొందరగ ఇంటికి పోవాలన్న యావ ఎంత చెడ్డదో చూడుర్రి.

రెండేండ్లు గడిచినయి. అడవిల మంటలు ఆర్పే వాచరు కొలువులు పడ్డయని, పగిడయ్య డాక్టరు ముంగటికి పోతున్నడని కబురొచ్చింది. కన్నమ్మ సంబురపడ్డది. వాడికి ముప్పై రెండే. కానీ వాళ్లింటి నెత్తురే అంత, నెత్తీ కనుబొమ్మలూ ఇరవై అయిదుకే పండిపోతయి. వారానికి ఇంకో కబురొచ్చింది: భద్రాచలం దవాఖానల పడున్నడని.

కన్నమ్మ పోయి చూసింది. మొఖం కుండలెక్క ఉబ్బింది. బొమ్మలున్న చోట పచ్చిపుండ్లు. కండ్ల మీద దూది.

"అక్కా, వచ్చినవా?" అన్నడు అలికిడి పట్టి. "నెత్తి నల్లగై బొమ్మలు తెల్లగుంటే డాక్టరు పట్టేస్తడని బొమ్మలకు గూడ పెట్టిన. మండింది. ఓర్చుకున్న. నువ్వు కట్టిన రంగే గద, ఏం కాదులే అని పొద్దంత కడగలే."

"తమ్మీ... లోపల చీటీ ఏమన్న..."

"లేదక్కా. ఉంటే చదవకపోదునా?"

రెండు కండ్లూ పోయినయని డాక్టరు తేల్చి చెప్పిండు. దవాఖాన నుంచి సమాచారం పోతే, అదే ఇన్‌స్పెక్టరు మళ్లీ బయల్దేరిండు. ఆయన కంటే ముందే వెంకటప్పయ్య దవాఖానల దిగిండు. కన్నమ్మను వరండాలకు పిలిచి, గొంతు పెంచకుండనే చెప్పిండు.

"చీటీ లేదని తేలితే కేసు. మీవాడికి కోర్టు ఏదో డబ్బు ఇప్పిస్తుంది, కాదనను. కానీ చర్ల పెట్టెల్లో వెయ్యొద్దన్నది ఎవరు? ముగ్గురు ఆడోళ్లూ విన్నారు. జైలుకి ముందు పోయేది నువ్వే. వేశానని చెప్పు, నీ పని నీకుంటుంది."

నిజం చెప్తే గుడ్డి తమ్మునికి బతికినన్ని దినాలు ఇంత గంజి. చెప్పకుంటే తనకు జైలు తప్పుతది. ఎంత చిన్న లెక్క! ఆమెకు ఆ గడియ తమ్ముడు కనపడలే, జైలు తలుపే కనపడ్డది.

ఇన్‌స్పెక్టరు మంచం పక్కన స్టూలు మీద కూసొని ఫైలు తెరిచిండు. "ప్యాకెట్లు కట్టేది నువ్వేనా అమ్మా? ఈ ప్యాకెట్టులో చీటీ వేశావా, లేదా? భయపడకుండా చెప్పు."

కన్నమ్మ తమ్ముని దిక్కు చూడలే. "ఏసిన సార్," అన్నది.

"నువ్వు లేదన్నావని డాక్టరు రాశారే!" అన్నడు ఇన్‌స్పెక్టరు పగిడయ్యతోని.

దూది కింది నుంచి నీరు కారి చెవిలకు పోయింది. అక్క గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో పగిడయ్య అటు మొఖం తిప్పిండు.

"ఉండె సార్. నొప్పికి ఏదో అన్న గానీ, చీటీ ఉండె. చదివిన. కొలువు మీది ఆశకు చదివి గూడ పెట్టుకున్న. మా అక్క తప్పు లేదు."

ఇన్‌స్పెక్టరు ఇద్దరి దిక్కూ చూసిండు. అది అబద్ధమని ఆయనకు తెల్వదా! అయినా చూపు పోగొట్టుకున్నోడే అట్ల చెప్తే ఆయన ఏం రాస్తడు? ఫైలు మూసి లేచిండు. వెంకటప్పయ్య ఆయన ఎనకనే మెట్ల దాక పోయిండు.

పగిడయ్య చెయ్యి చాపి, తడుముకుంట, అక్క కొంగు దొరకబట్టుకున్నడు.

"ఇగ నీ పని పోదు గద అక్కా?"

"పోదు తమ్మీ," అన్నది కన్నమ్మ.